వేడినీళ్ల కోసం వచ్చిన అతిథి

ఉదయం నుంచి ఆమె కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతోంది. హోటల్ రిసెప్షన్ పని నేర్పే టీచరమ్మ ఆమె. ఆర్నెల్లుగా పాఠాలన్నీ ఇంటి నుంచే. ఈ రోజు ప్రిన్సిపాల్ గారు క్లాసు వింటారు. పిల్లలు నోరు విప్పకపోతే ఆన్‌లైన్ కోర్సు ఎత్తేస్తారు. పది నెలల పాపను వదిలి ఊరవతలి కాలేజీకి వెళ్లడం ఆమె వల్ల కాని పని.

ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్. తెర మీద కెమెరాలు ఆపేసిన పద్దెనిమిది నల్లటి గళ్లు. ఏమడిగినా అందరూ బెల్లం కొట్టిన రాళ్లే. ఎదుట మనిషుంటే బిగిసిన భుజాన్నీ తప్పించిన చూపునీ పట్టుకుని సరిదిద్దేది. నల్లగడిలో ఏం పట్టుకుంటుంది?

అందుకే, కోపంగా ఉన్న అతిథి వేషానికి మామగారిని బతిమాలింది. ఆయన రిటైరైన బస్సు కండక్టరు.

"ఏమని తిట్టాలో రాసివ్వమ్మాయీ."

"నోటికొచ్చింది అనేయండి మామయ్యా."

"అనేస్తా. తర్వాత మూతి ముడుచుకోకూడదు మరి!"

క్లాసులో ఆయన బల్ల గుద్దారు. "మూడు రోజులైంది! స్నానానికి వేడినీళ్లు లేవు. అడిగితే ఇదిగో, అదిగో! మీకు పాఠాలే గానీ మనుషులు పట్టరా?"

ఆమె చెవులు వేడెక్కాయి. పాడైంది హోటల్ గీజర్ కాదు, ఈ ఇంటిదే. మెకానిక్‌కు ఫోన్ చేయడం తనే రోజూ రేపటికి నెడుతోంది.

ఒక్క గడీ వెలగలేదు. ప్రిన్సిపాల్ గారి గడి కూడా నల్లగానే ఉంది. పక్క గదిలో పాప కదిలిన చప్పుడు.

"క్షమించండి సార్." ఇన్నాళ్లూ ఒక్క మాటా మాట్లాడని అమ్మాయి గొంతది. "మూడు రోజులూ చన్నీళ్లేనా? ఒంట్లో ఎలా ఉంది?"

"మోకాళ్లు పట్టేశాయి తల్లీ," అన్నారాయన, కోపం సంగతి మరిచిపోయి.

"పది నిమిషాల్లో బకెట్ వేడినీళ్లు పంపిస్తాను. అందాయో లేదో నేనే కనుక్కుంటాను."

"అందరూ ఇలాగే అంటారు!"

ఇంకో గడి వెలిగింది. "ఈలోగా వేరే గది ఇమ్మంటారా సార్?"

"దాంట్లో మా మనవరాలు పడుకుంది!"

ఒక్కో గడీ తెరుచుకుంది. అన్నింట్లోనూ నవ్వులే.

"వచ్చే వారమూ వింటాను," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "అప్పటిదాకా కోర్సు ఉంటుంది. ఆ పెద్దాయన కూడా ఉండాలి."

అంటే ఇంకో వారం ఇదే గుబులు. ఆమె లేచిందో లేదో ఫోన్ మోగింది. ఆ అమ్మాయే.

"మేడమ్, పది నిమిషాలైంది. అతిథి గారికి వేడినీళ్లు అందాయా?"

"ఇదిగో, పెడుతున్నా," అని ఆమె నిద్రలేచిన పాపను మామగారి ఒళ్లో కూర్చోబెట్టి, స్టవ్ మీద పెద్ద గిన్నె ఎక్కించి, మెకానిక్ నంబరు నొక్కింది.