ఒక్క తిట్టయినా

కోరుట్లలో సిరిసిల్ల బస్సెక్కి ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాను. రుద్రంగిలో ఎక్కిన ముసలమ్మకు లేచి నా సీటిచ్చాను. ఆమె ఆయన్ని చూసి వెనక్కి తగ్గింది.

“వీని పక్కన నేను కూసోను. మొన్న మా ఊల్లె నాటకంల పెండ్లాన్ని చంటిపిల్లతోని వానల నూకేసిండు.”

బస్సంతా నవ్వింది. ఆయన మాత్రం సన్మానం జరిగినట్టు ఆమెకు దండం పెట్టి లేచి నిలబడ్డాడు.

“నాటకాలు నేర్పుత, ఆడిపిస్త,” అన్నాడు నాతో. “అన్ని వేషాలు పిల్లలకే ఇస్త. గా మొగని వేషం మాత్రం ఎవ్వలకియ్య.”

నేనూ నటుడినే. జగిత్యాలలో నా దగ్గరా పిల్లలు నాటకం నేర్చుకుంటారు. ఏళ్ల తరబడి మంచివాళ్ల వేషాలే వేశాను. నాటకమయ్యాక శాలువా కప్పి పంపిస్తారు. రుద్రంగిలోనూ కప్పారు. ఆమె గుర్తుపడుతుందేమోనని ముఖం కాస్త ముందుకు పెట్టాను.

“నువ్వు మంచోనివి కొడుకా, సీటిచ్చినవ్,” అందామె. “ఏం పని జేస్తవ్?”



వేములవాడ దాకా ఆమె ఆయన్ని తిడుతూనే ఉంది. అందులో ఒక్క తిట్టయినా నా మీద పడుతుందేమోనని ఆయన పక్కనే నిలబడ్డాను.