పైడన్న చేతి వాసన

సోనేపూర్ సముద్రపు రేవులో ఎండుచేపలు కొని బరంపురం బజారులో అమ్మే పైడన్నకు రచయితల సంతకాలంటే ప్రాణం. కథ నచ్చితే చాలు, రాసినవారికి ఉత్తరం రాసి, సంతకం చేసిన ఫొటో అడుగుతాడు. వచ్చినవాటిని తన పెళ్లి ఆల్బమ్‌లోనే దాచుకుంటాడు. కలం పట్టేముందు నిమ్మచెక్కతో మూడుసార్లు చేతులు తోముకుంటాడు. కాగితానికి నీచువాసన అంటితే ఇంకేమన్నా ఉందా! మొన్న ఒక ముసలి రచయిత్రి ఫొటోతోపాటు నాలుగు ముక్కలు రాసింది: "మీ ఉత్తరం ఎండుచేపల వాసన వేసింది. మా అమ్మ వంటింట్లో నేను కూర్చున్నట్టయింది. దాన్ని దాచుకున్నాను." పైడన్న సిగ్గుపడి అరచేతులు లుంగీకి తుడుచుకున్నాడు. తరవాత మళ్లీ చదివాడు. సాయంత్రం జవాబు రాయబోతుంటే భార్య అమ్మడు నిమ్మచెక్క తెచ్చింది.

"ఏటయ్యా, సేతులు కడుక్కోవా?"

"ఉండనీయే," అంటూ పైడన్న పీటను చేపల గంప పక్కకు జరుపుకున్నాడు.