పదకొండు పాయింట్ ఆరు

నా విజిటింగ్ కార్డు మీద ‘రీజనల్ మేనేజర్, టైమింగ్ సిస్టమ్స్’ అని ఉండేది. నా రీజియన్‌లో మొత్తం సిబ్బంది: నేను, ఒక వ్యాను, ఆ వ్యాను డ్రైవరు. పరుగు పందేల్లో సెకనులో వెయ్యో వంతును పట్టే యంత్రాలను హైదరాబాదు కంపెనీ తరఫున అమ్మడం, పోటీలున్న చోటికి తీసుకెళ్లి నడపడం నా పని. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చిన పోటీలను కూడా వెయ్యో వంతు దాకా కొలిచాను. ఎవరూ దాన్ని వింతగా అనుకోలేదు. కొన్నాళ్లకు నేనూ అనుకోవడం మానేశాను.

ఈ రంగంలో నాకున్న పూర్వానుభవాన్ని మాత్రం బయోడేటాలో రాయలేదు.

తొంభైల మధ్యలో, బాన్సువాడ హైస్కూల్లో నేను పదో తరగతి చదువుతుండగా, జోనల్ ఆటల పోటీల్లో టైములు రాసే పని వ్యాయామం సార్ నాకిచ్చారు. గళ్లు స్కేలుతో గీస్తానని పేరుండేది. సామగ్రి: ఒక స్టాప్‌వాచీ, ఒక విజిల్, ఒక దస్తీ, అంటే చేతిరుమాలు. పందెం మొదలుపెట్టే తుపాకీ లేదు. అవతలి కొసన ఇంకో సారు దస్తీ దించగానే మా సారు ఇవతల వాచీ నొక్కేవారు.

వంద మీటర్లలో బిచ్కుంద అబ్బాయి మొదట వచ్చాడు. పదకొండు పాయింట్ మూడు. వాడి వెనకే నా బెంచీ మిత్రుడు. రోజూ పొద్దున నిజాంసాగర్ కాలువ గట్టు మీద వాడు పరుగెత్తేవాడు, నేను సైకిలు మీద వెంట పోయేవాణ్ని. పదకొండున్నర సెకన్లు, అంతకు తక్కువ వచ్చినవాళ్లనే నిజామాబాదులో జిల్లా సెలక్షన్లకు పిలుస్తారు. సెలక్షన్ అయితే స్పోర్ట్స్ హాస్టల్. కాకపోతే వాళ్ల నాన్న మోటార్ వైండింగ్ దుకాణం.

ఉన్నది ఒకటే వాచీ. అది మొదటివాడి దగ్గర ఆగిపోయింది.

“సార్, రెండోటోనికి ఎంత రాయాలె?”

“అందాజగ రాయిరా. కండ్లతోని చూసినవ్ గదా!”

ఉజ్జాయింపుగా రాయడం నాకు చేతకాదు. లెక్క కట్టాను. ఇద్దరి మధ్య దూరం రెండు మీటర్లు. మొదటివాడి వేగం సెకనుకు దాదాపు తొమ్మిది మీటర్లు. తేడా పాయింట్ రెండు రెండు. మొత్తం పదకొండు పాయింట్ ఐదు రెండు. చేత్తో నొక్కే వాచీతో తీసిన టైములో అలా తోక మిగిలితే పై పదో వంతుకు పెంచి రాయాలని సార్ సొరుగులో ఉన్న నియమాల పుస్తకంలో చదివాను. పెంచాను. పదకొండు పాయింట్ ఆరు. కింద రెండు గీతలు గీశాను. ఆ రెండు మీటర్లు నా కంటి అంచనాయే. నియమం మాత్రం తప్పలేదు.

“ఒక్క పాయింటే గదరా పోయింది!” అన్నాడు వాడు. గీత దగ్గరికి వెళ్లి, జేబులోంచి ఏదో జారిపడ్డట్టు కాసేపు నేలంతా చూశాడు.

పన్నెండేళ్ల తర్వాత సార్ రిటైరవుతూ, సభకు వ్యానుతో సహా రమ్మని కబురు పెట్టారు. స్కూలు మైదానంలో రెండు స్తంభాలు నిలబెట్టాను. వాటి మధ్య కంటికి కనబడని కిరణం ఉంటుంది. మనిషి తగలగానే గడియారం ఆగుతుంది.

“నా స్టాప్‌వాచే వీన్ని మేనేజర్ జేసింది,” అని సార్ మైకులో చెప్పారు. సభలో అందరూ చప్పట్లు కొట్టారు. నన్ను మేనేజర్ని చేసింది ఆ వాచీ కాదు, అది ఆగిపోయాక నేను కట్టిన లెక్క అని చెప్పగలిగినవాణ్ని అక్కడ నేనొక్కణ్నే.

మిత్రుడు దుకాణం నుంచి నేరుగా వచ్చాడు, చేతులకు వార్నిష్ మరకలతో.

“ఏం బే మేనేజరూ, గీ మిషన్ ఒక్క పాయింట్ గూడ ఇడిసిపెట్టదంట?”

“ఇడిసిపెట్టది.”

“గట్లయితే నాదప్పుడు ఏడ వొయ్యిందో జెర చూపియ్యమను. దుకాణంకొచ్చిన ప్రతొక్కనికి చెప్త, ఒక్క పాయింట్ల పోయిన అని.”

ఇక చెప్పక తప్పలేదు. ఒకటి, వాచీ మొదటివాడి దగ్గరే ఆగింది. రెండు, దూరం నేను కంటితో చూసింది. మూడు, ఐదు రెండును ఆరు చేసింది నేనే.

వాడు స్తంభాల వైపు చూస్తూ నిలబడ్డాడు.

“నేను మోటార్‌కు ఒక్కొక్క చుట్టు లెక్కవెట్టి చుడ్త. తక్కువైతే కాలిపోతది. నువ్వు నన్ను అందాజగ రాసినవా?”

నేను ఒక స్తంభాన్ని కొంచెం నిటారుగా సరిచేశాను.

“అంటే పదకొండున్నరలనే ఉరికిన్నేమో?”

“కావచ్చు. పదకొండు ఎనిమిది గూడ కావచ్చు.”

“ఎనిమిది ముచ్చట నువ్వు తియ్యకు.” చెప్పులు విడిచి ప్యాంటు మడిచాడు. “ఇగ రాయ్. ఈసారన్న సక్కగ రాయ్.”

ఒక ఇబ్బంది ఉంది. మా యంత్రం తుపాకీ చప్పుడుతో దానంతటదే మొదలవ్వాలి. తుపాకీ హైదరాబాదు ఆఫీసు బీరువాలో ఉంది. అందుకని సార్ అవతలి కొసన నిలబడి దస్తీ దించారు, నేను వేలితో బటన్ నొక్కాను. వాడు వచ్చాడు. ఛాతీ కన్నా ముందు పొట్ట కిరణాన్ని తాకింది. చీటీ బయటికొచ్చింది: 15.347.

“గిది అందాజ గాదు గదా?” రొప్పుతూ అడిగాడు.

కాదని చెబితే సరిపోయేది. పెన్ను తీసి ఆ అంకె కొట్టేశాను. 15.4 అని రాసి సంతకం పెట్టాను.

“మళ్ల పెంచినవా!”

“చేతితోని మొదలువెట్టిన టైమిది. నియమం.”

“ఉన్నది గూడ గుంజుకుంటవేంది బే! సార్, చూడుండ్రి వీన్ని!”

“వాడు అప్పటిసంది గంతేరా,” అన్నారు అవతలి కొస నుంచి నడిచొచ్చిన సార్, దస్తీతో మొహం తుడుచుకుంటూ.

తర్వాత ఊరికి వచ్చినప్పుడు వాడి దుకాణానికి వెళ్లాను. బల్ల మీది అద్దం కింద ఆ చీటీ ఉంది. నా 15.4ను కొట్టేసి, పైన బాల్‌పెన్నుతో మళ్లీ 15.347 అని రాసి ఉంది. పక్కన ఇంకో అంకె: 11.5. దాని కింద, నేను గీసినట్టే, రెండు గీతలు.

“ఇదెవలు రాసిన్రు?”

వాడు మోటార్ మీది నుంచి తల ఎత్తలేదు. చుట్లు లెక్కపెడుతున్నాడు.

“నేనే. అందాజగ.”