వంద వాట్ల వదిన

మొన్న పొద్దున కుప్పం నుంచి అన్న ఫోను చేశాడు. మైకు చేతికిస్తే గంటల తరబడి వదలని మనిషి, "మీ వదిన పోయిందిరా" అని ఒక్క మాట చెప్పి ఊరుకున్నాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని తర్వాత వాళ్ళ పక్కింటాయన చెప్పాడు.

మదనపల్లె, పుంగనూరు, చౌడేపల్లె చుట్టుపక్కల తొంభైల్లో పెళ్ళికో జాతరకో వెళ్ళి ఆర్కెస్ట్రా చూసినవాళ్ళు మా వదినను చూసే ఉంటారు. వేదిక మీద ఎడమ వైపు, జడలో కనకాంబరాలు, చీర కొంగు నడుముకు బిగించి, మెడలో ఎర్ర ఎలక్ట్రిక్ గిటారు. చూసే ఉంటారన్నాను గానీ, ఆమె వాయించింది వినే ఉంటారని చెప్పలేను. కొన్నేళ్ళపాటు ఎవరూ వినలేదు. వినేదాకా ఆమె పట్టు వదల్లేదు. ఈ నాలుగు మాటలు రాస్తున్నది ఆ పట్టు గురించే.

మా అన్నకు మదనపల్లెలో బట్టల అంగడి ఉండేది. పగలు పంచెలు చింపేవాడు, సాయంత్రం పాటలు పాడేవాడు. ఆర్కెస్ట్రా ఆయన పిచ్చి. ముఖ్యంగా పాడేదీ ఆయనే, పాటకూ పాటకూ మధ్య మాట్లాడేదీ ఆయనే. నేను డ్రమ్స్. వదినది కుప్పం. వాళ్ళ నాయనకు రైల్వే స్టేషను దగ్గర చిల్లర అంగడి. బెంగళూరులో మేనత్త ఇంట్లో ఉండి డిగ్రీ చదివేటప్పుడు గిటారు నేర్చుకుంది. పెళ్ళిచూపుల్లో పాట పాడమని మా అమ్మ అడిగితే, పాడటం రాదు, గిటారు వస్తుందని చెప్పిందట. అంతే, ఇంక వేరే సంబంధాలు చూడొద్దని అన్న ఇంటికొచ్చి తేల్చేశాడు. ఇంటి కోడలు అంతమందిలో నిలబడి వాయించడమేమిటని అమ్మ కొన్నాళ్ళు సణిగింది. "కూసోని వాయిస్తే నడుము నొస్తుందత్తా" అని వదిన అమాయకంగా అనేసరికి, అమ్మ నవ్వాలో తిట్టాలో తెలియక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇక అసలు కష్టం. ఆమె గిటారుకు ఉన్నది ఇంట్లో సాధన చేసుకునే చిన్న ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్. పెట్టె చేటంత, గొంతు పిడికెడంత. నా డ్రమ్స్, కీబోర్డు, ఇద్దరు పాటగాళ్ళు మొదలుపెడితే అది మూగదే. పోనీ గిటారు వైరును మైకుసెట్టు వాళ్ళకే ఇద్దామా అంటే, చెట్టుకు కట్టిన వాళ్ళ కొమ్ము స్పీకర్లలో గిటారు దోమలా కుయ్యిమనేది. అది వినలేక ఎవరో ఒకరు తగ్గించేసేవారు. అన్న పాటగాళ్ళను పరిచయం చేసేవాడు, కీబోర్డు అబ్బాయిని చేసేవాడు, నన్నూ చేసేవాడు. గిటారు దగ్గరికి వచ్చేసరికి, ఎవరికీ వినపడనిదాని గురించి ఏం చెప్పాలో తోచక తర్వాతి పాటలోకి దూకేసేవాడు.

చౌడేపల్లెలో ఒక పెళ్ళి. వదిన ఆ పూటంతా నిలబడి వేళ్ళు కమిలేలా వాయించింది. సామాను సర్దుకుంటుంటే పెళ్ళికూతురి అవ్వ దగ్గరికొచ్చి, గడ్డం పుణికి, ఎంతో ప్రేమగా అన్న మాట నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. "అది తగిలిచ్చుకుంటే బాగుండావమ్మా. వాయించేది గూడా నేర్సుకోకూడదా?"

నాకు ఒళ్ళు మండింది. వదిన మాత్రం పకపకా నవ్వి, నేర్చుకుంటానవ్వా అని మాటిచ్చింది. ఇంటికి వచ్చాక తీగలు తుడుస్తూ అన్నతో అంది, "పెద్ద ట్యూబు ఆంప్లిఫయర్ కావల్ల. వంద వాట్లది. నేనే పోయి ఏరుకుంటా." అన్న బరువు గురించి చెప్పాడు, కరెంటు గురించి చెప్పాడు, అంతటిది మనకెందుకని చెప్పాడు. ఆమె అన్నీ విన్నది. మర్నాడు పొద్దున్నే నన్ను లేపి బెంగళూరు బస్సెక్కించింది.

ట్యూబు ఆంప్లిఫయర్ అంటే తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. పాతకాలం రేడియోల్లో వేడెక్కి ఎర్రగా వెలిగే గాజు బుడ్లు ఉండేవి కదా, అవే ట్యూబులు. వాటితో పనిచేసే ఆంప్లిఫయర్‌లో గిటారు గొంతు నిండుగా, గుండ్రంగా ఉంటుంది. కానీ బరువు, వేడి, అలక అన్నీ ఎక్కువే. స్విచ్చి వేయగానే పలకదు, ముందు కాసేపు వేడెక్కనివ్వాలి. మా అన్నను నిద్ర లేపినట్టే.

బెంగళూరులో పాత సంగీత పరికరాలు బాగుచేసి అమ్మే ఒక అంగడిలో రెండు ఉన్నాయి. ఒకటి యాభై వాట్లది, ఒకటి వంద. అంగడాయన నిజాయితీ గల మనిషి. యాభై చాలని, వంద అన్నంత మాత్రాన రెట్టింపు గట్టిగా ఏమీ వినపడదని, తేడా కొంచెమేనని కన్నడంలో నచ్చజెప్పాడు. వదిన ఆ మాట ఒప్పుకుంది. ఒప్పుకొని, గిటారు నా మెడలో వేసి, తను నేర్పిన మూడు కార్డులే, అంటే మూడు స్వరాల గుత్తులే, వాయిస్తూ ఉండమని చెప్పి, రోడ్డు దాటి అవతలి పక్క బస్సులు ఆగే చోట నిలబడింది. నేను అంగడిలో వాయిస్తున్నాను, ఆమె అక్కడి నుంచి చేత్తో సైగలు చేస్తోంది. గట్టిగా, ఇంకా గట్టిగా అని. తర్వాత రెండోది. తర్వాత మళ్ళీ మొదటిది. అంగడాయన టీ తెప్పించుకున్నాడు. పక్క అంగళ్ళవాళ్ళు గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. మూడు కార్డులతో నేను బెంగళూరు నగరానికి చేసిన సేవ అదొక్కటే.

వదిన తిరిగొచ్చి వందది చూపించింది. ఎందుకని అడిగాను. "సిన్నదాంట్లో గట్టిగా వాయిస్తే గొంతు పగులుతుందప్పా, బరబర అంటుంది. పెద్దదానికి అరిసే పని లేదు. మామూలుగా మాట్లాడినా ఈడదాకా వస్తాండాది." బరబర కావాలనుకునే వాళ్ళు చాలామంది ఉంటారని, కుర్రవాళ్ళయితే దానికోసమే వస్తారని అంగడాయన అన్నాడు. వదినకు మాత్రం మేఘమంత ఎత్తులో గీత గీసినట్టు శుభ్రంగా సాగే నాదం కావాలి. నాదస్వరం వినే ఊళ్ళలో వాయించేదానికి అదే కావాలంది. ఆ తర్వాత రెంటి వెనక మూతలూ విప్పించి చూసింది. యాభైదానిలో పెద్ద ట్యూబులు రెండు, వందదానిలో నాలుగు. ఒకటి పోతే ఏమవుతుందని అడిగింది. యాభైది అక్కడికి ఆగిపోతుందని, వందదానిలో అయితే జత ట్యూబును కూడా తీసేసి మిగిలిన రెంటితో బండి లాగించవచ్చని ఆయన చెప్పాడు. ఎట్లా తీయాలో, తీశాక వెనకున్న ఏ స్విచ్చిని మార్చాలో తన చేత్తో చేసి చూపించేదాకా ఆమె అంగడి వదల్లేదు.

మదనపల్లె మార్కెట్టు టమోటాలను బెంగళూరులో దించి ఖాళీగా తిరిగొచ్చే లారీలో తెచ్చాం. వెనక గంపల మధ్య గడ్డి పరిచి ఆంప్లిఫయర్‌ను కూర్చోబెట్టి, పక్కన తనూ కూర్చుంది. ముందుకు రమ్మని డ్రైవరు ఎంత పిలిచినా రాలేదు. గతుకు వచ్చినప్పుడల్లా దాని మీద చెయ్యి వేసి పట్టుకుంది. మా అన్న మీద అంత శ్రద్ధ చూపించడం నేను చూడలేదని ఇంటికొచ్చాక అంటే, మీ అన్న గతుకులకు పగలడప్పా అంది.

కొత్త ఆంప్లిఫయర్‌తో మొదటి ప్రదర్శన పుంగనూరు పక్క ఒక ఊరి జాతరలో. పొద్దు వాలుతుండగా వేదిక మీదికి ఎక్కించాం. వదిన ట్యూబులు వేడెక్కే స్విచ్చి మాత్రం వేసి, నిర్వాహకులతో ఏదో మాట్లాడటానికి కిందికి దిగింది. మనవైపు కొత్త బండి కొన్నా, కొత్త మోటారు బిగించినా టెంకాయ కొట్టందే వాడం కదా. అన్న పసుపు, కుంకుమ, టెంకాయ పట్టుకొని తయారయ్యాడు. ముందు భాగానికి మూడు బొట్లు పెట్టాడు, కర్పూరం వెలిగించాడు, టెంకాయ కొట్టాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. వెనక్కి వెళ్ళి జల్లెడ రేకు సందుల్లోంచి చూస్తే లోపల నాలుగు దీపాలు వరుసగా వెలుగుతున్నాయట. దీపాలు కనిపించాక భక్తి ఆగుతుందా. టెంకాయ నీళ్ళు చేతిలో పోసుకొని లోపలికి చల్లాడు.

టప్పున శబ్దం వచ్చింది. చివరి గాజు నిలువునా చిట్లి, దాని లోపలి వెండి పూత చూస్తుండగానే పాలలా తెల్లబడింది. అన్న ముఖం అంతకంటే తెల్లబడింది.

వదిన పరుగున వచ్చి ముందు కరెంటు తీసేసింది. అన్న ఏదో చెప్పబోయాడు. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది. ఆ క్షణంలో ఆమె ఏడుస్తుందనుకున్నాను. కళ్ళు నిండాయి కూడా. పాత చిన్న పెట్టె తెప్పిస్తానని, మదనపల్లెకు మనిషిని పంపిస్తానని నేను అన్నాను. "వద్దు. ఈ పొద్దు దీంట్లోనే వాయించేది" అని గిటారు సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసింది. వెనక మూత విప్పింది. చెమ్మ ఆరేదాకా తుడిచింది, గాజు చల్లారేదాకా ఆగింది. కొంగు చేతికి చుట్టుకొని చిట్లిన ట్యూబును, దానికి జతగా అటు చివర ఉన్నదాన్ని మెల్లగా పీకింది. వెనకున్న స్విచ్చిని మార్చింది. మధ్యలో మిగిలిన రెండూ మళ్ళీ ఎర్రబడేదాకా వాటి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. అన్న వేదిక మూల నిలబడి, చేతిలో సగం టెంకాయ చిప్ప ఎక్కడ పెట్టాలో తెలియక అట్లాగే పట్టుకొని ఉన్నాడు. ఆమె లేస్తూ అటు చూసి, "అది యాల పట్టుకోనుండావు, తిను" అంది. ఆ రోజు దాని గురించి ఆమె అన్నది అంతే. తర్వాత ముప్ఫై రకాలుగా ఆటపట్టించిందనుకోండి.

రెండువేల సంవత్సరం తర్వాత సీడీలు, పెద్ద పెద్ద స్పీకర్ల లారీలు వచ్చి ఆర్కెస్ట్రాలు వెనకబడ్డాయి. అన్న అంగడి ఎత్తేసి కుప్పంలో మామగారి అంగడి చూసుకోవడానికి వెళ్ళాడు. వదిన ఇంటి ముందు గదిలో పిల్లలకు గిటారు నేర్పేది. ఆ గదిలో వంద వాట్ల పెట్టె శబ్దపు మీటను ఒకటో అంకె దాటనిచ్చేది కాదు. ఎవరైనా పిల్లవాడు గట్టిగా వాయించాలని ఉబలాటపడితే, ముందు మెల్లగా వాయించినప్పుడు తప్పులు వినపడకుండా చూసుకో, తర్వాత ఊరికి వినిపిద్దువు అనేది. రామకుప్పం వైపు రాగి చేలమీద ఏనుగులు పడుతున్న రోజుల్లో ఇద్దరు రైతులు వచ్చి, ఆ పెద్ద పెట్టెను ఒక వారం ఇస్తే వాటిని తరుముకుంటామని అడిగారు. "నా గిటారు ఇంటే పారిపోతాయని మీకు ఎవురు సెప్పినారు?" అని వదిన నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడితే, వాళ్ళు మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. ఆ సంగతి చెప్పుకొని చెప్పుకొని నవ్వేది. ఆ నవ్వు ఇంక లేదంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

నాకు ఆమె ఏమి నేర్పిందంటే, వంద వాట్లు అరవడానికి కాదని నేర్పింది. అవసరానికి మించిన బలం ఉంటేనే మనిషి నెమ్మదిగా మాట్లాడగలడు. ఆమె అట్లాగే బతికింది. కోపం తెచ్చుకోవడానికి హక్కున్న చోట్లన్నిటా మెల్లగా మాట్లాడింది, ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు. నాకు కష్టం వచ్చిన ప్రతిసారీ, స్క్రూడ్రైవరు పట్టుకొని మోకాళ్ళ మీద కూర్చున్న వదినే కళ్ళముందుకు వచ్చేది. ఆ ధైర్యానికి నేను ఎప్పుడూ దండం పెట్టలేదు. వదినకు మరిది దండం పెడితే నవ్వుతుందని. ఇప్పుడు పెడుతున్నాను.

ఆ జాతర సాయంత్రం సంగతి పూర్తిచేస్తాను. అవతల డప్పులవాళ్ళ పలకలు మోగుతున్నాయి, రంగులరాట్నం కిర్రుమంటోంది, బొరుగులమ్మేవాళ్ళు కేకలేస్తున్నారు. రెండో పాటలో చరణం అయ్యాక గిటారు ఒంటరిగా సాగే చోటు ఒకటుంది. ఎప్పుడూ అక్కడ జనం బొరుగుల కోసం లేచేవారు. వదిన మొదటి తీగ లాగింది. సగం బలమే మిగిలిన ఆ పెట్టెలోంచి వచ్చిన గొంతు పలకల మీదుగా, రాట్నం మీదుగా మైదానం దాటి పోయింది. అరుపు కాదు. పగులు లేదు. లేచినవాళ్ళు లేచినట్టే నిలబడిపోయారు. ఒక్కొక్క తల వేదిక ఎడమ వైపుకు తిరగడం నేను డ్రమ్స్ వెనక నుంచి చూశాను.

పాట అయ్యాక ఖాకీ చొక్కా మనిషి ఒకడు జనాన్ని తోసుకుంటూ వేదిక దగ్గరికి వచ్చాడు. రోడ్డు మీద బస్సు కండక్టరు. అన్నను వంగమని పిలిచి చెప్పాడు. "బస్సు నిలబెట్టినామన్నా. మధ్యలో వచ్చింది జూడు, ఆ తీగల ముక్క, ఇంకొక తూరి వాయించమని సెప్పు. లోపల సగమే ఇన్నారు, మొత్తం ఇనల్లని అందరూ అడగతాండారు."

అన్న మైకు అందుకున్నాడు. గిటారు అన్నాడు. "గిటారు వాయించేది... మా ఇంటామె" అన్నాడు. మైకు పక్కన పెట్టేశాడు. వదిన తల ఎత్తి అన్నను చూసి, మళ్ళీ తీగల మీదికి వంగింది.

మైదానం చివర రోడ్డు మీద బస్సు ఇంజను ఆగి ఉంది. పైన గంపల మధ్య కూర్చున్నవాళ్ళు చేతులు మోకాళ్ళకు చుట్టుకొని మావైపు తిరిగారు. కిటికీ కిటికీకీ ఒక తల. డ్రైవరు గడ్డం స్టీరింగు మీద ఆనించుకొని, వెలుతురు తగ్గుతున్న ఆ రోడ్డు మీద ఎక్కడికీ పోవలసిన పని లేనివాడిలా వింటున్నాడు.