పెట్టెకు పట్టిన చెదలు, నాకు పట్టిన కుళ్లు

మనిషి అబద్ధమాడితే ఏమవుతుంది? మహా అయితే దొరికిపోతాడు, నాలుగు తిట్లు తింటాడు. నేనాడిన అబద్ధానికి మాత్రం జనం కొబ్బరికాయలు కొట్టారు. రెండంటే రెండే అక్షరాలు. వాటి దెబ్బకు సిద్దిపేటలో చక్కగా నడుస్తున్న నా టిఫిన్ సెంటర్ ఆగమైపోయింది. నవ్వుకోండి, నవ్వుకోవడానికే చెబుతున్నాను. మీలో ఎవరికైనా సడ్డకుడు ఉంటే మాత్రం కొంచెం మెల్లగా నవ్వండి.

నా సడ్డకుడి పేరు శ్రీశైలం. నా భార్య శోభ చెల్లెలి మొగుడు. ప్రజ్ఞాపూర్‌లో రోడ్డు మీద హోటల్ నడుపుతాడు. మనిషి మంచివాడు, అదే నా బాధ. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకునేవాణ్ని కదా! నాలుగేళ్ల కిందట అతను తన హోటల్లో ఒక పాత వీడియో గేము పెట్టె తెచ్చిపెట్టాడు. మన చిన్నప్పుడు బస్టాండు పక్క గదుల్లో ఉండేవి చూడండి, నిలువెత్తు చెక్కపెట్టె, పైన టీవీ తెర, కింద ఒక కర్ర, నాలుగు బటన్లు, అదీ. హైదరాబాదు నుంచి వచ్చే కార్లన్నీ అక్కడే ఆగడం మొదలుపెట్టాయి. పొట్టలొచ్చిన తండ్రులు పిల్లల్ని పక్కకు నెట్టి మరీ ఆడుతున్నారట.

ఈ ‘అట’ తెచ్చింది మా మామ. ఆయన ఎక్కడ కూర్చున్నా అదే ముచ్చట.

“తెలివంటే మా చిన్నల్లునిది. గసొంటి పెట్టె తేవాలని ఎవనికన్న తట్టిందా? శభాష్ అనాలె!”

నేను పక్కనే కూర్చుని ఉంటాను. పెళ్లయి పద్నాలుగేళ్లు, నాకొక్క శభాష్ లేదు. మామకు మోకాలు నొప్పి వస్తే దవాఖానకు తీసుకుపోయేది నేను. పండక్కి సంచులు మోసేది నేను. శభాష్ మాత్రం ప్రజ్ఞాపూర్ పోయేది. కడుపు మండిపోయేదండీ. పెనం అక్కర్లేకుండా నా కడుపు మీదే దోశలు పోసుకోవచ్చు, అంత మంట.

సరే, నేనూ ఒక పెట్టె తేవాలని పట్టుబట్టాను. వెతగ్గా వెతగ్గా దౌల్తాబాద్‌లో ఒకాయన రేకుల షెడ్డులో దొరికింది. ఆయన నిజాయితీపరుడు, ముందే చెప్పాడు.

“తీస్కపో అన్నా. గానీ కింద చెదలు పట్టినయి, చూసుకో.”

“చెదలదేముందిలే!” అన్నాను. అప్పటికే నా చెవుల్లో శభాష్ మోగుతోంది.

పెట్టెను మా వడ్రంగి బ్రహ్మయ్యకు చూపించాను. అతను వేలి కణుపుతో పైన తట్టాడు, గట్టిగానే పలికింది. కింద తట్టాడు, డొల్లగా పలికింది. బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది.

“అన్నా, కింద మొత్తం తిన్నయి. మోకాలెత్తు కోసి కొత్త చెక్క ఎయ్యాలె. చెదల మందు సూదితోని లోపటికి ఎక్కియ్యాలె. ఇనుప కాళ్లు పెట్టి, గోడకు జానెడు ఎడం ఉంచాలె. పదిహేను రోజుల పని.”

“పదిహేను రోజులా! అప్పటిదాక మా సడ్డకుడు ఇంకెన్ని శభాష్‌లు ఎత్కపోతడో! పైనకెళ్లి ఎర్ర సన్మైకా కొట్టెయ్యి, చాలు.”

“లోపలున్నయి తింటనే ఉంటయి గదనే.”

“తిననీ! గింతంత పురుగులు, ఎంత తింటయి?”

అతను గొణుక్కుంటూ సన్మైకా అంటించి వెళ్లిపోయాడు. నేను ఆ పెట్టెను తీసుకెళ్లి, దుకాణంలో ఏ గోడకు అవతల గిన్నెలు కడుగుతామో, సరిగ్గా దానికి ఆనించి పెట్టాను. చెదలకు కావలసింది చెక్క, తడి, చీకటి. మూడూ నేనే అమర్చాను. ఏ అత్తగారూ అల్లుడికి అంత మర్యాద చేసి ఉండదు.

వానాకాలం గడిచింది. ఆట బాగానే ఆడింది, పెట్టె ఎర్రగా మెరిసింది. ఇక ఆగలేక ఒక ఆదివారం మామను, అత్తమ్మను పిలిచాను. శ్రీశైలాన్ని ప్రత్యేకంగా పిలిచాను, పక్కన నిలబడి శభాష్ వినాలి కదా! పొద్దున టిఫిన్ల వేళ, దుకాణం కిటకిటలాడుతోంది. నేను ఉపన్యాసంలాంటిది ఒకటి చెప్పి స్విచ్చి వేశాను. తెర మీద విమానం సగం కనపడి నిలిచిపోయింది. తర్వాత ఆ సగమూ పోయింది.

“వెనుక వైరు లూజైనట్టుందన్నా, నేను చూస్త,” అని శ్రీశైలం, నేను పట్టుకునేలోపే పెట్టెను ముందుకు జరిపి వెనక తలుపు తెరిచాడు.

లోపల మోకాలెత్తున ఎర్రమట్టి. మొనదేలి, రెండు కొమ్ములతో నిలబడి ఉంది. వైర్లన్నీ మట్టిలోకి పోయాయి.

శ్రీశైలం మట్టిని చూశాడు, నన్ను చూశాడు. “చెదలు పట్టినయా అన్నా?” అన్నాడు. అనేటప్పుడు అతని పెదవి కొంచెం, ఒక్క రవ్వ, వంకరపోయింది. నన్ను ముంచింది ఆ వంకరే. అటు మామ కళ్లద్దాలు సర్దుకుంటూ లేస్తున్నాడు. అవునన్నానా, చచ్చేదాకా ‘చెదల పెట్టె కొన్న పెద్దల్లుడు’ అని పేరు.

“చెదలేంది తమ్మీ, కండ్లు కనవడ్తలెవ్వా?” అని గద్దించాను. “అది పుట్ట!”

చూడండి, పురుగు అదే, మట్టి అదే. చెదలంటే మందు పోస్తాం, పుట్టంటే పాలు పోస్తాం. శ్రీశైలం నోరు మూయించడం తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు. కానీ మా అత్తమ్మ ఉందే, మామూలుగా పదిసార్లు పిలిస్తే గాని పలకదు, ఈ ముక్క మాత్రం మూడు బెంచీల అవతలి నుంచి వింది.

“ఏందీ? పుట్టనా? అయ్యో నా తండ్రీ, నాగన్న వెలిసిండా! శోభా, పసుపు తే, కుంకుమ తే, పాలు తే!”

“అత్తమ్మా, గవి చాయ పాలు!”

“సామి వచ్చి కూసుంటే చాయ ఏంది బిడ్డా!”

క్యానెడు పాలు పెట్టెలో పోసేసింది. లోపల టప్పుమంది, దుకాణమంతా కరెంటు పోయింది.

“చూసిన్రా? సామి పలికిండు!”

“ఫ్యూజు పోయిందత్తమ్మా!” అని నేను మొత్తుకున్నాను. ఎవరు వింటారు? దోశలు తింటున్నవాళ్లు ఎంగిలి చేతులతోనే దండాలు పెడుతున్నారు. మధ్యాహ్నానికి గల్లీలోని ఆడవాళ్లంతా చెంబులతో వరుస కట్టారు.

సాయంత్రం బ్రహ్మయ్య దగ్గరికి పరుగెత్తాను. “రేపు వచ్చి మందు కొట్టు.”

“పుట్టకా? నాకు పెండ్లాం పిల్లలున్నరన్నా!”

“చెదలని నువ్వే అంటివి గద!”

“గప్పుడు చెదలు. గిప్పుడు నువ్వే పుట్టంటివి.”

ఇక చెప్పేదేముంది? అత్తమ్మ మా ఇంట్లోనే మకాం వేసి “సామి ముంగట నీసు వండుతరా?” అని గుడ్డు దోశ బంద్ పెట్టించింది. సిద్దిపేటలో నాకు పేరు తెచ్చిందే ఆ గుడ్డు దోశ. ప్రదక్షిణకు జాగ లేదని సగం టేబుళ్లు తీయించింది. ఇడ్లీ తినడానికి వచ్చినవాడు చెప్పులు బయట విడిచి, బొట్టు పెట్టించుకుని, తీర్థమిచ్చారనుకుని సాంబారును చేతిలో పోయించుకున్నాడు. ఒకరోజు తట్టుకోలేక స్టూలెక్కి నిజం చెప్పేశాను. “అది ఉత్త చెదలు! నేను అబద్ధం చెప్పిన!” అందరూ జాలిగా చూశారు. “పాపం, సామి పరీక్ష వెడ్తుండు,” అని ఒకామె నా పేరు మీద ఇంకో కొబ్బరికాయ కొట్టింది.

ఆ నెలలోనే ములుగులో చుట్టాలింట్లో పసిబిడ్డను ఉయ్యాల్లో వేసే తొట్టెల పండుగ. నలుగురూ కూర్చున్నచోట మామ గొంతు సవరించుకున్నాడు.

“చిన్నల్లుని పెట్టెల ఆట ఉన్నది. పెద్దల్లుని పెట్టెల దేవుడున్నడు. శభాష్ అల్లుడా!”

పద్నాలుగేళ్లకు వచ్చింది. నిజం చెప్పాలంటే అది చెదలకు దక్కాల్సిన శభాష్. అయినా సిగ్గులేకుండా నా ఒళ్లు పులకరించింది. వెంటనే శ్రీశైలం వైపు చూశాను. అతని ముఖం మాడిపోయి ఉంది. ఆ మాడిన ముఖం నాకు బాగా తెలుసు, రోజూ అద్దంలో చూసుకున్నదే.

మర్నాడు ఫోను చేశాడు.

“అన్నా, ఒక్క మాట. ఎవ్వలకు చెప్పద్దు మల్ల.”

“చెప్పు తమ్మీ.”

“నీ పెట్టెల కెళ్లి గిన్ని చెదలు ఇస్తవా?”

ఆ చెదలు నా వ్యాపారాన్ని తిన్నాయి, నా గుడ్డు దోశను తిన్నాయి. బస్తాల్లో నింపి పంపాల్సింది పోయి, నేనేమన్నానో తెలుసా?

“ఇయ్యను!” అన్నాను.

అందుకే మీ అందరి ముందూ కుడిచెయ్యి చాచి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట చచ్చినా చెదల్ని పుట్ట అనను. సడ్డకుణ్ని చూసి ఏ పెట్టే కొనను. శ్రీశైలాన్ని చూసి జన్మలో కుళ్లుకోను. ప్రజ్ఞాపూర్‌లో పుట్ట లేస్తే సంతోషంగా పోయి దండం పెట్టి వస్తాను, నా పుట్ట కన్నా జానెడు తక్కువ ఉంటే.