ప్యాక్ లేకుండా పినాంగు

రోమింగ్ ప్యాక్ వేయించుకోమని నాకు చెప్పని మనిషి లేడు. తమిళనాడులో మా ధర్మపురి బస్టాండు దగ్గర సెల్లు దుకాణం ఆయన చెప్పాడు. మా వంటమాస్టర్ చెప్పాడు. మలేసియా ఏ దిక్కున ఉందో తెలియని ఎదురింటి ఆమె కూడా, "అక్కడ పోయినాక ఫోన్ ముట్టుకుంటే చాలు, ఉన్న కాసంతా పోతుంది అక్కా, ప్యాక్ ఏసుకో" అని చెప్పింది. అయితే ముట్టుకోనులే అన్నాను. నలుగురు ఒకే మాట చెప్పేకొద్దీ నాకు మొండితనం ఎక్కువవుతుంది. పుట్టుకతో వచ్చిన గుణం, దానికి మందు లేదు.

మాది ధర్మపురి పక్కన సోగత్తూరు. పెళ్ళిళ్ళకు వంట చేసే గుంపులో పని చేస్తాను. మా మాస్టర్ తమిళాయన, మంచి పనివాడు, నోరు మాత్రం అదుపులో ఉండదు. మలేసియాలోని పినాంగులో ఎప్పుడో స్థిరపడిన ఒక కుటుంబం వాళ్ళు, కూతురి పెళ్ళికి ధర్మపురి పక్క వంటే కావాలని పట్టుబట్టి మా గుంపును విమానం ఎక్కించారు. రెండు వారాల పని. యాభై దాటాక నాకు పాస్‌పోర్టు వచ్చిందంటే, అది సాంబారు పుణ్యమే.

దుకాణంలో ప్యాక్ ధర విని నేను ముందు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. తర్వాత ఒక్కొక్కటే అడిగాను. ప్యాక్ లేకపోయినా రోమింగ్ తెరిచి పెట్టుకోవచ్చట. నెట్ మాత్రం ఆపేయాలి. నేను ఫోన్ చేస్తే కాసు, వచ్చిన ఫోన్ ఎత్తినా కాసు.

"మోగుతుంది, నేను ఎత్తను. అప్పుడు?"

"అప్పుడు లేదు అక్కా."

"మెసేజ్ వస్తే?"

"వచ్చే మెసేజ్‌కు లేదు."

"మరి నాకింకేం కావాలి?"

"దేశం గాని దేశంలో మిస్డ్ కాల్‌తో కాపురం చేస్తావా అక్కా?" అని ఆయన నవ్వాడు.

"చేసి చూపిస్తా" అని లేచి వచ్చాను.

అంత గొప్పగా అయితే అన్నాను గానీ, ఇంటి నుంచి ఒక కబురు మాత్రం నాకు రావలసిందే. అది నా మనవరాలి కబురు.

ఆ పిల్ల ఆరో తరగతి. దాని అమ్మ, అంటే నా కూతురు, హోసూరులో ఫ్యాక్టరీ పని. చంటిపిల్ల ఆమె దగ్గర, పెద్దది మా దగ్గర. నేను బయలుదేరడానికి నెల ముందు మనవరాలు బడి మెట్ల మీద కాలు జారి పడింది. పడినప్పుడు నోటికి ఏ మాట వస్తుంది? ఇంటి మాటే వస్తుంది. "అవ్వా, పడిపోతి!" అని అరిచింది. తమిళంలో 'పడి' అంటే మెట్టు. చదువుకో అనడానికీ 'పడి' అనే అంటారు. ఇంకేం, తోటి పిల్లలకు పండగ. "పడి పోచ్చా? పడిప్పు పోచ్చా?" మెట్టు పోయిందా, చదువు పోయిందా అని వెంటపడ్డారు. చివర ఒక 'గొల్టి' తగిలించారు. తెలుగువాళ్ళను వెక్కిరించడానికి మా పక్క వాడే మాట అది. మోకాలు వారంలో మానింది. పిల్ల మాత్రం మళ్ళీ బడి మొహం చూడలేదు.

బతిమాలాము, తిట్టాము. మా ఆయన బడికి పోయి టీచరమ్మతో మాట్లాడి వచ్చాడు. పాపం ఆమె ఆ పిల్లలను మందలించింది కూడా. అయినా మా పిల్ల గడప దాటలేదు. ఒకనాడు పొద్దున నా పక్కకు వచ్చి, "అవ్వా, మనం ఇంట్లో కూడా అరవమే మాట్లాడుదామా?" అంది.

నాకు ఒళ్ళు మండింది. "ఏం, మన మాట ఎవరి దగ్గర దొంగిలించుకొచ్చింది? మన ముత్తాతలకు ముత్తాతలు ఈ మట్టిలోనే రాగులు చల్లినారు. అరవం బయట బాగా మాట్లాడు, దాంట్లోనే ఫస్టు రా, నాకు సంతోషం. ఇంట్లో మాత్రం నన్ను అవ్వా అనే పిలవల్ల" అని అరిచాను. పిల్ల ఏడ్చింది. నేనూ వంటింట్లోకి పోయి ఏడ్చాను.

అప్పుడే నా కూతురు ఫోన్‌లో తేల్చి చెప్పింది. "ఈ నెలలో బడికి పోకపోతే పోనీలే అమ్మా, హోసూరుకు తీసుకొచ్చుకుంటా. చంటిదాన్ని చూసుకుంటుంది." అది ఒకసారి చంటిపిల్లను చంకనెత్తుకుంటే మళ్ళీ పుస్తకాల సంచీ ఎత్తుకోదు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, నన్ను అయిదో తరగతిలో మాన్పించింది కూడా అందుకే.

బయలుదేరే రోజు పిల్ల చెయ్యి పట్టుకుని మాట అడిగాను. "నువ్వు ఇమానం ఎక్కు అవ్వా, సోమవారం నుంచి నేను బడికి పోతా" అంది. నన్ను సాగనంపడానికి అన్నదో, నిజంగానే అన్నదో తెలియలేదు. అందుకే మా ఆయనతో ఒప్పందం చేసుకున్నాను. పిల్ల బడికి పోతే ఒక మిస్డ్ కాల్, పోకపోతే రెండు. ఏం మోగినా నేను ఎత్తను.

ఆ ఒప్పందం పినాంగులో దిగిన రోజే చెడింది. ఫోన్ మోగుతుంది, నంబరు మాత్రం కనబడదు. మా ఆయనో, ప్లాటు కొనమనేవాడో, లోను ఇస్తామనేవాడో దేవుడికే తెలియాలి. శనివారం పొద్దున ఒకటి, మధ్యాహ్నం రెండు మోగాయి. పిల్ల పోయినట్టా, పోనట్టా? అసలు శనివారం బడే లేదు కదా! పెళ్ళి మండపంలో ఊరికే వైఫై ఉందంటే ఆశగా పోయాను. దానికి ఆ ఊరి నంబరు పెడితేనే తలుపు తీస్తుందట. పోవే అనుకుని వచ్చేశాను.

మాస్టర్ దగ్గర ఆ ఊరి సిమ్ము ఉంది. "నా ఫోన్‌లో మాట్లాడుకోండి, కాసు కూలిలో పట్టుకుంటా" అని అందరికీ ఇచ్చేవాడు. ఎంత పట్టుకుంటాడో ఆయన నోటి లెక్కే. తక్కిన వాళ్ళు వరుసగా నిలబడి మాట్లాడేవాళ్ళు. నేను ఆ వరుసలో నిలబడలేదు. "గొల్టి అమ్మ కాసు వదలదు" అని ఆయన అందరి ముందూ నవ్వేవాడు. ఇంట్లో పిల్లకు అంత నీతి చెప్పిన నేను అక్కడ ఏమన్నానంటే, ఏమీ అనలేదు. తల వంచుకుని ఉల్లిపాయలు తరిగాను. పని ఇచ్చే మనిషి కదా.

చివరికి మా ఆయనకు ఒకే ఒక మెసేజ్ కాసు పెట్టి పంపాను. "రింగు వద్దు. మెసేజ్ పెట్టు. పొడుగు రాయొద్దు." వచ్చే మెసేజ్‌కు ఎంత పొడుగున్నా కాసు లేదని అప్పుడు గుర్తు రాలేదు. పిసినారితనం అలవాటైతే అంతే, అక్కర్లేని చోట కూడా దూరుతుంది.

ఇక్కడ మా ఇంటి రాత గురించి చెప్పాలి. నేను హోసూరు పక్క పుట్టాను, అక్కడ తెలుగు బడిలో అయిదు దాకా చదివాను. ధర్మపురికి కోడలిగా వచ్చాక చూస్తే, అందరూ తెలుగే మాట్లాడతారు, తెలుగు అక్షరం చదివే మనిషి ఒక్కరూ లేరు. తెలుగు మాటను తమిళ అక్షరాల్లో రాసుకుంటారు. ఆ అక్షరాల్లో పకూ బకూ ఒకటే గుర్తు. టకూ డకూ ఒకటే. బావ రాశాడా, పావ రాశాడా అన్నది చదివేవాళ్ళే సర్దుకోవాలి. ఇంటి మనుషులం కాబట్టి ఎప్పుడూ సర్దుకున్నాము, ఇబ్బంది రాలేదు.

సోమవారం పొద్దుటి నుంచి ఫోన్‌ను రవిక జేబులో పెట్టుకుని తిరిగాను. రవికకు జేబు నేనే కుట్టుకున్నాను. మధ్యాహ్నం అయింది, మెసేజ్ లేదు. అక్కడ బడి గంట కొట్టేసి ఉంటారు. మా ఆయన నిద్రపోయాడా? పిల్ల పోనని మొరాయిస్తే చెప్పడానికి మనసు రాక ఊరుకున్నాడా? చీకటి పడుతోంది, ఆ రాత్రి నలుగు పెట్టే విందు. పాయసానికి జీడిపప్పు వేయిస్తున్నాను, అది మాడిపోతోందని పక్కామె గరిటె లాక్కుంది.

అప్పుడు వచ్చింది మెసేజ్. నా కళ్ళకు కనబడింది ఇదీ: "పాప పడిపోయింది."

అంతే. వెనకా ముందూ ఏమీ లేదు. నా కళ్ళ ముందు ఆ బడి మెట్లే కదిలాయి. ఈసారి మోకాలా, తలా? ఆసుపత్రిలో ఉందా? నేనే కదా పో పో అని తరిమింది! ప్యాక్ లేదు, మాస్టర్ ఫోన్ అడగాలన్న ఆలోచనా లేదు. నా ఫోన్ తీసి నంబరు నొక్కేశాను.

"ఏమమ్మా, ప్యాక్ లేదు కదా, కాసు పోతుంది!" అని మాస్టర్ అవతలి పొయ్యి దగ్గర నుంచి కేక వేశాడు.

"పోనీ!" అన్నాను తెలుగులోనే. వంటసాల అంతా తిరిగి చూసింది.

మా ఆయన ఎత్తాడు. "ఏమే, చేసినావెందుకు? కాసు పోతుందే, పెట్టెయ్!"

"పాపకేమైంది? యాడ పడింది?"

"ఎవరు పడింది?"

"నువ్వే కదా రాస్తివి, పడిపోయింది అని!"

"అయ్యో నీ తెలివి తెల్లారినట్టే ఉంది! బడి పోయింది అని రాస్తినే! బడి, బడి!"

"బడికి అని రాస్తే నీ చెయ్యి పడిపోతుందా?"

"నువ్వే కదా పొడుగు రాయొద్దంటివి!"

"పొద్దున్నుంచి ఏం చేస్తా ఉండావు మరి?"

"పోయిందని రాసినాక నడి దోవలో తిరిగి వస్తే? ఇంటికి వచ్చినాక రాద్దామని ఉంటి."

బియ్యం మూట మీద కూలబడ్డాను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, మా ఆయనను నాలుగు తిట్టాలనీ అనిపించింది. అంతలో ఫోన్ చేతులు మారింది.

"అవ్వా! నేను పడలే! బడికి పోయినా!"

"నా తల్లీ! దెబ్బ లేదు కదా?"

"లేదు అవ్వా."

"వాళ్ళు మళ్ళీ అన్నారా?"

"అన్నారు."

"ఏమని?"

"గొల్టి అని."

"నువ్వేమంటివి?"

ఫోన్‌లో ఉన్న కాసంతా అయిపోయి లైను తెగింది. హలో, హలో అని ఎంత అరిచినా అది ఉత్త డబ్బాయే. అంత జాగ్రత్తగా దాచుకున్నదంతా మా మొగుడూ పెళ్ళాల తగాదాకే సరిపోయింది, అసలు మాట దగ్గరికి వచ్చేసరికి పైసా లేదు.

పిల్ల ఏమని ఉంటుంది? ఏడ్చి ఉంటే రేపు పోదు. రేపు పోకపోతే ఇక పోదు. హోసూరులో చంటిపిల్ల ఎదురు చూస్తూనే ఉంది.

మాస్టర్ వచ్చి తన ఫోన్ చాపాడు. ముఖంలో నవ్వు ఉంది. కావాలంటే తీసుకోవచ్చు, కూలిలో పోతుంది, అంతేగా. నా చెయ్యి అందాకా వెళ్ళింది కూడా. అయినా వద్దన్నాను. నా దగ్గర కాసు లేకపోతేనేం, వచ్చే మెసేజ్‌కు కాసు అక్కర్లేదు. ఈ సంగతి మా ఇంట్లోనూ తెలుసు. నా మనవరాలు నన్ను సగం మాటలో వదిలే పిల్ల కాదు.

జీడిపప్పు మళ్ళీ వేయించాను. ఈసారి మాడనివ్వలేదు.

పాయసం దించుతుండగా రవిక జేబులో ఫోన్ కదిలింది. మెసేజ్ మా ఆయనది కాదు, పిల్లది. ఎట్లా తెలిసిందంటే, 'బడి'లో మొదటి అక్షరం తమిళంలో లేదు, ఇంగ్లీషు బి పెట్టి ఉంది. అవ్వ మళ్ళీ తప్పు చదవకుండా అది ఆలోచించి పెట్టింది. "బడికి రేపూ పోతా" అని ఉంది. దాని కింద ఇంకొక్క మాట. "అవునండి" అని ఉంది.

గొల్టి అంటే అవునండి అన్నదా నా బిడ్డ? చేతులు కట్టుకుని, తల దించుకుని? నాకు ఆ పిల్లల మీద, బడి మీద, నా మీద కూడా కోపం వచ్చింది.

అప్పుడు తట్టింది. మా ఇండ్లలో 'అండి' అనే మాటే లేదు. మా ఆయనను నేను అనను, మా అత్తను మా ఆయన అనలేదు. టీవీలో తప్ప ఆ పిల్ల చెవిన కూడా పడి ఉండదు. టకూ డకూ ఒకటే గుర్తు. మళ్ళీ చదివాను, మా ఇంటి గొంతుతో చదివాను.

"అవునంటి." అంటే, అవును అన్నాను అని.

నువ్వు గొల్టివి అన్నారు వాళ్ళు. అవును అన్నది నా మనవరాలు, ఏ 'అండి' లేకుండా.

"ఏం గొల్టి అమ్మా, ఇంట్లో అంతా బాగేనా? ఫోన్ కావాలా వద్దా?" అని మాస్టర్ మళ్ళీ వచ్చాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు.

"అవును" అన్నాను గట్టిగా, ఆయన ముఖంలోకి చూసి. "గొల్టినే. నీ ఫోన్ మాత్రం వద్దు."

పాయసం గిన్నె ఎత్తుకుని వడ్డనకు పోయాను.