బొడ్డు కొయ్యక ముందు

మా అత్త తన పిల్లలందరినీ ఇంట్లోనే కన్నది. మాయ పడ్డాకే మంత్రసాని బొడ్డు కోసేదట. నా మొదటి కాన్పు ఆసుపత్రిలో. నెలలు నిండని ఆడపిల్ల. పుట్టగానే బొడ్డు కోసి పట్టుకెళ్లారు, మర్నాటికి పోయింది. తొందరపడి కొయ్యబట్టే పోయిందని మా అత్త వాడంతా చెప్పుకొచ్చింది. నేను పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి పోయేదాన్ని, వచ్చేదాన్ని. ఏడుపు రాలేదు.

రెండోసారీ ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. టెక్కలి ఆసుపత్రికి వెళ్లేదాకా ఆటోలో మా అత్త ప్రార్థన చేస్తూనే ఉంది. నాకు మాత్రం ఇంకెవరికో కాన్పు అవుతున్నట్టుంది. ఇదీ పోతుందిలే అనుకున్నాను. అనుకుంటే భయం కూడా వెయ్యలేదు. ఏం మనిషినో!

కాన్పు గదిలో నా తలవైపు నిలబడి మా అత్త మొదలెట్టింది.

"డాక్టరమ్మా, మాయ పడీదాకా బొడ్డు కొయ్యకండమ్మా. మీకు దండం ఎడతాను."

"అంతసేపు కుదరదమ్మా. మాయలో ఉన్న రక్తం బిడ్డకి అందాలి కదా, ఒక నిమిషం ఆగుతాను," అంది డాక్టరు.

మగపిల్లాడు పుట్టాడు. బొడ్డుతాడుతోనే నా పొట్ట మీద పెట్టి, గుడ్డతో వీపు రుద్దుతోంది డాక్టరు. వాడు ఏడవలేదు. అంతే, మా అత్త ప్లేటు ఫిరాయించింది.

"ఓలమ్మో, నీలంగున్నాడు! ఇంకా సూత్తన్నారేటి? కోసియ్యండి! అద్దాల పెట్టెలో ఎట్టియ్యండి!"

"మీరే కదా కొయ్యొద్దన్నారు?" అంది నర్సు.

"అప్పుడన్నాను! ఇప్పుడు కోసియ్యమంతన్నాను!"

"ఊపిరి తీస్తున్నాడమ్మా. కాసేపు ఊరుకోండి," అంది డాక్టరు, రుద్దడం ఆపకుండానే.

ఇంకో రోజయితే నవ్వేదాన్నేమో. పైకప్పు చూస్తూ పడుకున్నాను. పొట్ట మీద తడిగా, వెచ్చగా, కాస్తంత బరువు. చిన్న కాలు ఒకటి నన్ను తన్నింది. తర్వాత పిల్లికూనలా కూత పెట్టాడు. అప్పుడు బొడ్డు కోసి, వాణ్ని పసిపిల్లల గదికి తీసుకుపోయారు.

చాలా రోజులు ఆ గది అద్దంలోంచే వాణ్ని చూశాను. పాలు తాగుతున్నాడు, ఇంటికి తీసుకెళ్లొచ్చు అని చెప్పిన రోజున మాత్రం వరండాలో కూలబడి గొల్లుమన్నాను.

మా అత్త కంగారుపడింది. "బిడ్డ బతికాడు కదే, ఇంకేటికే ఏడుపు?"

"ఈడ్ని నా పొట్ట మీదెట్టారత్తా," అన్నాను. "మొదటిదాన్ని నేను ఒక్కసారైనా ముట్టుకోనేదు."